యూరప్ లోపల చిన్న ఫ్లైట్లకి ఏ ఎయిర్‌లైన్ హాయిగా ఉంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్‌లో ఉంటా, సొంతూరు ఖమ్మం దగ్గర. ఆఫీసు పని మీద రెండు మూడు నెలలకోసారి మిలాన్, జ్యూరిక్, బార్సిలోనా వైపు గంటన్నర రెండు గంటల ఫ్లైట్లు ఎక్కుతూనే ఉంటా, ఎండాకాలం ఇంటి నుంచి పెద్దవాళ్లొస్తే వాళ్లని తిప్పడానికి ఇంకో రెండు మూడు. తెలిసినవాళ్లు అడిగేవన్నీ దాదాపు ఇవే ప్రశ్నలు, అందుకని ఒకచోట రాసి పెడుతున్నా. రూల్సూ సైజులూ ఎయిర్‌లైన్స్ ఊరికే మార్చేస్తుంటాయి కాబట్టి డబ్బులు కట్టేముందు వాళ్ల సైట్లో ఒకసారి చూసుకోండి, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

సోది లేకుండా చెప్పన్నా, ఏ ఎయిర్‌లైన్ బెస్టు?

సోది లేకుండా అంటే కుదరదు తమ్ముడూ. ఫ్లైట్లో కూర్చునేది గంటన్నర. ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి అక్కడ హోటల్లో చెప్పులు విప్పేదాకా ఆరు గంటలు. ఆ గంటన్నరలో మోకాళ్ల దగ్గర ఒక అంగుళం ఎక్కువుందా తక్కువుందా అని రెండు రాత్రులు రివ్యూలు చదివి, చివరికి పొద్దున ఆరింటి ఫ్లైట్ బుక్ చేసి, మూడింటికి టాక్సీ కోసం చలిలో రోడ్డు మీద నిలబడేవాళ్లని చాలామందినే చూశా. అందుకే నేను ముందు ఎయిర్‌పోర్ట్ చూస్తా, తర్వాత టైము, తర్వాత ఏ విమానం, ఆ తర్వాతే ఎయిర్‌లైన్ పేరు.

మిలాన్ లెక్క చెప్తా చూడు. ఐండ్‌హోవెన్ ఎయిర్‌పోర్ట్ మా ఇంటికి సిటీ బస్‌లో పాతిక నిమిషాలు, అక్కణ్నుంచి లోకాస్ట్‌లో, అంటే చవక ఎయిర్‌లైన్‌లో, వెళ్తే దిగేది బెర్గామోలో, అది మిలాన్‌కి 50 కిలోమీటర్లు, దిగాక బస్సెక్కితే సెంట్రల్ స్టేషన్‌కి గంట. అదే కేఎల్ఎమ్ అయితే నేను ముందు ఆమ్‌స్టర్‌డామ్ ఎయిర్‌పోర్ట్ షిఫోల్‌కి ట్రైన్లో గంటన్నర పోవాలి, కానీ మిలాన్ ఊరి పక్కనే ఉన్న లినాటే ఎయిర్‌పోర్ట్‌లో దిగితే ఎయిర్‌పోర్ట్ కిందే మెట్రో ఉంది, ఎం4 లైను, పావుగంటలోపు ఊరి మధ్యలో ఉంటావు. మొత్తం కలిపితే రెండూ దాదాపు సమానమే! నేనొక్కణ్నే అయితే బెర్గామో, అమ్మ తోడుంటే లినాటే. నువ్వు ఆమ్‌స్టర్‌డామ్‌లోనే ఉంటే మాత్రం అసలు ఆలోచించే పనే లేదు. చూశావా, సీటు గురించి ఒక్క ముక్క మాట్లాడకుండానే సగం తేలిపోయింది.

ఎయిర్‌పోర్ట్ పేరులో ప్యారిస్ అనే ఉంది కదా, మళ్లీ దూరం ఏంటి?

పేరుకేముంది. ప్యారిస్ బోవే ఊరికి సుమారు 85 కిలోమీటర్లు, ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ 120 పైనే, స్టాక్‌హోమ్ స్కావ్‌స్టా వంద, మ్యూనిక్ దగ్గరిదని చెప్పుకునే మెమ్మింగెన్ 110 దాకా ఉంటుంది. వరంగల్లో దింపేసి "ఇదే హైదరాబాద్, దిగండి" అన్నట్టు. బస్సులుంటాయి, ఫ్లైట్ టైముకే ఉంటాయి కూడా, కాకపోతే బస్ టికెట్టు, ఆ గంటా గంటన్నరా కూడా ఫ్లైట్ రేటులో కలిపి చూసుకోవాలి. 20 యూరోల టికెట్ దొరికిందని స్క్రీన్‌షాట్ పెట్టేవాళ్లు ఈ బస్సు ఖర్చు మాత్రం ఎప్పుడూ పెట్టరు, అదేంటో.

లోకాస్ట్ అంటే నరకమేనా? లుఫ్తాన్సా, కేఎల్ఎమ్ లాంటివైతే సీట్లో తేడా తెలుస్తుందా?

నరకం ఏం కాదండీ. మన పల్లెవెలుగుకీ సూపర్ లగ్జరీకీ ఉన్నంత తేడా సీట్లో ఉంటుందని అనుకుంటారు, ఉండదు. రయాన్‌ఎయిర్, ఈజీజెట్, విజ్ ఎయిర్ సీట్లు వెనక్కి వాలవు, రయాన్‌ఎయిర్‌లో అయితే ముందు సీటుకి జేబు కూడా ఉండదు, సేఫ్టీ కార్డు సీటు వెనకే అతికించి ఉంటుంది. వాలకపోవడం నాకైతే మంచిదే, ముందున్నాయన మన ఒళ్లో పడుకోడు. పెద్ద ఎయిర్‌లైన్స్‌లో కూడా యూరప్ లోపల తిరిగే విమానాల్లో ఇప్పుడున్నవి సన్నటి సీట్లే, కుషన్ పలచగా.

అసలు తేడా ఎక్కడ తెలుస్తుందంటే, ఫ్లైట్ క్యాన్సిల్ అయిన రోజు తెలుస్తుంది. పెద్ద ఎయిర్‌లైన్స్‌కి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచో షిఫోల్ నుంచో అదే ఊరికి రోజుకి నాలుగైదు ఫ్లైట్లుంటాయి, లేకపోతే వాళ్ల గ్రూపులోని ఇంకో ఎయిర్‌లైన్‌లో వియన్నా మీదుగానో జ్యూరిక్ మీదుగానో ఎక్కిస్తారు. చిన్న ఎయిర్‌పోర్ట్ నుంచి వారానికి మూడు రోజులే ఉండే లోకాస్ట్ ఫ్లైట్ పోయిందంటే తర్వాతది ఎల్లుండి. పెళ్లికో ఇంటర్వ్యూకో వెళ్లేటప్పుడు నేను దీనికోసమే 50, 60 యూరోలు ఎక్కువైనా పెడతా, సీటు కోసం కాదు.

మధ్యలో ఇంకో బ్యాచ్ ఉంది, వ్యూలింగ్, ట్రాన్సావియా, యూరోవింగ్స్. ఇవి పెద్ద ఎయిర్‌లైన్స్ పిల్లలే, వ్యూలింగ్ బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఐబీరియా ఉన్న గ్రూపుది, ట్రాన్సావియా ఎయిర్ ఫ్రాన్స్ కేఎల్ఎమ్ వాళ్లది, యూరోవింగ్స్ లుఫ్తాన్సాది. రూల్స్ మాత్రం లోకాస్ట్ రూల్సే అనుకొని వెళ్లండి.

సీట్ పిచ్ 28, 29, 30 అంటుంటారు, అదేంటి?

మీ సీటు వెన్ను మీద ఒక చోట నుంచి ముందు సీటు మీద అదే చోటు దాకా ఉన్న దూరం. కాళ్లకి దొరికే జాగా కాదు, అందులోంచి సీటు మందం తీసెయ్యాలి, అందుకే 29 అంగుళాల్లో సన్నసీటు ఉంటే ఒక్కోసారి 30 అంగుళాల పాత దిండుసీటు కన్నా మోకాళ్లకి హాయిగా ఉంటుంది. యూరప్ లోపల ఎకానమీ మొత్తం 28 నుంచి 31 లోపే తిరుగుతుంటుంది, రయాన్‌ఎయిర్‌ది 30, ఈజీజెట్‌ది 29 చిల్లర, అంటే అందరూ తిట్టేదాంట్లోనే కాస్త ఎక్కువ. ఐదడుగుల ఎనిమిది లోపు ఉంటే ఇదసలు పట్టించుకోకండి.

వెడల్పు మాత్రం పట్టించుకోవచ్చు. బోయింగ్ 737లో సీటు సుమారు 17 అంగుళాలు, ఎయిర్‌బస్ ఏ320లో 18 దాకా. ఒక్క అంగుళమే గానీ వెడల్పు భుజాలున్నవాళ్లు ముగ్గురు పక్కపక్కన కూర్చుంటే ఆ అంగుళం ఏంటో తెలుస్తుంది. రయాన్‌ఎయిర్ దాదాపు అంతా 737లే, ఈజీజెట్, విజ్ రెండూ ఎయిర్‌బస్‌లే.

మరి ఏ విమానం వస్తే మంచిది? అది ముందే ఎలా తెలుస్తుంది?

ఇదీ అసలు అడగాల్సిన ప్రశ్న! నన్నడిగితే ఎయిర్‌బస్ ఏ220, ఎంబ్రేయర్, ఈ రెండూ వస్తే కళ్లు మూసుకొని బుక్ చేసుకోండి.

ఏ220 సీటింగ్ మన ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ బస్సు లెక్క, ఒకపక్క మూడు, ఒకపక్క రెండు. ఆ రెండు సీట్ల వైపు మొగుడూపెళ్లాం కూర్చుంటే మధ్యసీటు గోలే లేదు. సీటు పద్దెనిమిదిన్నర అంగుళాలు, మూడు సీట్ల వైపు మధ్యది ఇంకో అర అంగుళం ఎక్కువ, ఇరుక్కున్నోడికి ఓదార్పు అన్నమాట. కిటికీలు పెద్దవి, చప్పుడు తక్కువ. లాట్వియా వాళ్ల ఎయిర్‌బాల్టిక్ దగ్గర 2020 నుంచి ఈ విమానాలు తప్ప వేరేవి లేవు, స్విస్, ఎయిర్ ఫ్రాన్స్ దగ్గర కూడా చాలానే ఉన్నాయి. ఒక్కోసారి స్విస్ టికెట్ కొంటే ఎయిర్‌బాల్టిక్ విమానం వచ్చి నిలబడుతుంది, అద్దెకి తెచ్చుకుంటారు, కంగారు పడకండి, మంచిదే.

ఎంబ్రేయర్ అయితే టూ బై టూ, మన సూపర్ లగ్జరీ. మధ్యసీటు అనేదే లేదు. కేఎల్ఎమ్ వాళ్ల చిన్న విమానాల కంపెనీ సిటీహాపర్ మొత్తం ఇవే, లండన్ సిటీ ఎయిర్‌పోర్ట్ నుంచి వెళ్లే బ్రిటిష్ ఎయిర్‌వేస్ కూడా ఇవే నడుపుతుంది. నూరుమంది లెక్కలోనే ఉంటారు కాబట్టి ఎక్కడం దిగడం గబగబా అయిపోతుంది, 239 మంది పట్టే విజ్ ఏ321నియోలో 35వ వరసలో కూర్చుని దిగడానికి ఎదురు చూసినవాళ్లకి దీని విలువ తెలుస్తుంది. ఒక్కటే ఇబ్బంది, పైన సామాను పెట్టే అర చిన్నది, పెద్ద చక్రాల బ్యాగ్ గేటు దగ్గరే తీసుకొని కింద వేస్తారు. ఫ్రీగానే.

పంకాలున్న ఏటీఆర్, డాష్ 8 కూడా టూ బై టూనే కానీ రొద ఎక్కువ, రెక్కల దగ్గర కూర్చుంటే చెవుల్లో ఇంటికొచ్చాక కూడా గుయ్‌మంటూనే ఉంటుంది, వెనక వైపు తీసుకోండి.

ఎలా తెలుస్తుంది అంటే, బుక్ చేసే పేజీలో ఫ్లైట్ వివరాలు నొక్కితే విమానం రకం రాసి ఉంటుంది, దాని కిందే ఎవరు నడుపుతున్నారో కూడా ఉంటుంది. సీటు బొమ్మలు కావాలంటే ఏరోలోపా అనే సైట్లో విమానం విమానానికి ఉన్నాయి. చివరి నిమిషంలో వేరే విమానం పంపితే మనం చేసేదేం లేదు.

ఆఫర్లో బిజినెస్ క్లాస్ వచ్చింది, తీసుకోనా?

దుబాయ్ మీదుగా ఇండియా వెళ్లేటప్పుడు చూసిన బిజినెస్ క్లాస్ గుర్తు పెట్టుకొని తీసుకుంటే మాత్రం ఏడుస్తారు. యూరప్ లోపల ఎక్కువశాతం అదే ఎకానమీ సీటు, మధ్యసీటు ఖాళీగా ఉంచి, ముందు ఒక తెర వేస్తారు. దాంతోపాటు లాంజ్, భోజనం, సెక్యూరిటీలో వేరే లైను, ఎక్కువ బ్యాగేజీ వస్తాయి. రెండు పెద్ద సూట్‌కేసులుండి, ఎయిర్‌పోర్ట్‌లో నాలుగు గంటలు గడపాల్సి వస్తే లెక్క కుదురుతుందేమో గానీ గంటన్నర సీటు కోసమైతే వద్దు.

బ్యాగ్ గురించి చెప్పు బ్రో, ఎవడు ఎంత ఒప్పుకుంటాడు?

ఫ్రీగా సీటు కింద పెట్టుకునేది రయాన్‌ఎయిర్, విజ్ రెండిట్లోనూ 40, 30, 20 సెంటీమీటర్లు. ఈజీజెట్ కాస్త దయ, 45, 36, 20. ఇది కాలేజీ బ్యాగంత, చక్రాల బ్యాగ్ కాదు. లుఫ్తాన్సాలో మామూలు టికెట్ మీద 55, 40, 23 సైజు, 8 కిలోలు. కేఎల్ఎమ్, ఎయిర్ ఫ్రాన్స్‌లో పెద్దదీ చిన్నదీ కలిపి 12 కిలోలు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఈ విషయంలో మారాజు, 56, 45, 25 సైజులో 23 కిలోల దాకా, పైన చేతిసంచి వేరే, నువ్వే ఎత్తి పైన పెట్టుకోగలిగితే చాలు. ఐతే పెద్ద ఎయిర్‌లైన్స్‌లో కూడా అన్నిటికన్నా చవక టికెట్ పేరేంటో, అందులో ఏ బ్యాగ్ ఉందో చదువు, బొమ్మలు వేసి మరీ చూపిస్తారు.

నాకు జరిగింది చెప్తా, ఏ ఎయిర్‌లైనో ఇప్పుడెందుకులే. బ్యాగ్ కొన్నప్పుడు సైజు కరెక్టే, అట్ట మీద రాసి కూడా ఉంది. కానీ అమ్మ ఇచ్చిన చెక్కల ప్యాకెట్టు ముందు జిప్పులో దోపా, బ్యాగ్ నిండు చూలాలిలా ఉబ్బింది. గేటు దగ్గర ఇనప చట్రంలో పెట్టమంది ఆ అమ్మాయి. పెట్టా, సగం దిగి చక్రం దగ్గర పట్టేసింది. మోకాలితో నొక్కా, దిగింది, కానీ మళ్లీ పైకి రాదే! వెనక నలభై మంది లైన్లో ఉన్నారు, నేనూ ఆ అమ్మాయీ చెరోవైపు పట్టుకొని లాగుతున్నాం, లోపల చెక్కలు పటపటమంటున్నాయి. 60 యూరోలు కట్టించుకున్నారు. టికెట్టే 34. బార్సిలోనాలో దిగి చూస్తే అన్నీ పొడి, పెరుగన్నంలో నంజుకొని తిన్నాం.

అప్పట్నుంచి మెత్తటి బ్యాక్‌ప్యాకే, చక్రాలు లేనిది. లోకాస్ట్‌లో పెద్ద బ్యాగ్ కావాలంటే టికెట్‌తోపాటే కొను, అప్పుడే చవక, ఎయిర్‌పోర్ట్‌లో డబుల్, గేటు దగ్గర దోపిడీ. ఇంకోటి, నవ్వుతూ ఉన్నారు కదా అని గేటు స్టాఫ్ వదిలేస్తారనుకోకు, పెద్ద బ్యాగ్ పట్టుకున్న ప్రతిసారీ స్టాఫ్‌కి బోనస్ ఇస్తామని రయాన్‌ఎయిర్ బాసే బాహాటంగా చెప్పాడు.

ఫ్లైట్లో తిండి పెడతారా? మేం వెజ్, మావాళ్లు ఉల్లిపాయ కూడా తినరు.

యూరప్ లోపల ఫ్లైట్లో తిండి మీద ఆశ పెట్టుకోకండి వదినా, ఎక్కేముందే తినెయ్యండి. లోకాస్ట్‌లో నీళ్లు కూడా కొనాల్సిందే. లుఫ్తాన్సా ఎకానమీలో 2021 నుంచి నీళ్లూ ఒక చిన్న చాక్లెట్టూ మాత్రమే ఫ్రీ, స్విస్ వాళ్లు కూడా అంతే, వాళ్ల చాక్లెట్ బాగుంటుంది అది వేరే సంగతి. ఫిన్ఎయిర్‌లో బ్లూబెర్రీ జ్యూస్ ఇస్తారు. ఎయిర్ ఫ్రాన్స్ చిన్న స్నాక్ ఇస్తుంది, కేఎల్ఎమ్ అంటే ఏళ్ల తరబడి అందరికీ గుర్తొచ్చేది చీజ్ శాండ్‌విచ్. గ్రీస్ వైపు ఏజియన్, ఇస్తాంబుల్ వైపు టర్కిష్ మాత్రం పెట్టడంలో ధారాళం, టర్కిష్‌లో ముందురోజే హిందూ వెజ్ భోజనం చెప్పుకోవచ్చు. ఉల్లిపాయ లేకుండా అంటే మాత్రం ఎవరి దగ్గరా గ్యారెంటీ లేదు.

ఇంటి తిండి తీసుకెళ్లొచ్చు, ఎవరూ ఏమనరు. పులిహోర, చపాతీ, పొడి కూరలు, కారప్పొడి, అన్నీ సెక్యూరిటీలో దాటిపోతాయి. పచ్చడి మాత్రం దాటదు! మనకి ఆవకాయ ఘనపదార్థమే గానీ వాళ్ల స్కానర్‌కి నూనె, ముద్ద, జామ్, పెరుగు అన్నీ ద్రవాల కిందే లెక్క, 100 ఎంఎల్ దాటితే డస్ట్‌బిన్. కొత్త స్కానర్లు పెట్టిన కొన్ని ఎయిర్‌పోర్టుల్లో ఈ రూల్ సడలించారు, కానీ వెళ్లేటప్పుడు సడలిన ఊరు, వచ్చేటప్పుడు సడలని ఊరు అయితే ఏం చేస్తారు? మా అత్తగారు గోంగూర సీసా ట్రేలో పెట్టి, ఆ సెక్యూరిటీ ఆయనకి మూత తీసి వాసన కూడా చూపించింది. ఆయన చాలాసేపు నవ్వాడు, సీసా మాత్రం ఇవ్వలేదు. చెక్‌ఇన్ బ్యాగ్‌లో వేసుకోండి, రెండు కవర్లు కట్టి.

అమ్మానాన్నలు వస్తున్నారు, నాన్నకి మోకాళ్ల నొప్పులు. వాళ్లకి ఏది మంచిది?

ఇక్కడ మాత్రం డబ్బులు చూడకండి. పెద్దవాళ్లకి కష్టం సీట్లో కాదు, మెట్ల దగ్గర. లోకాస్ట్ విమానాలు పాతిక నిమిషాల్లో మళ్లీ ఎగరాలి కాబట్టి చాలాచోట్ల ముందూ వెనకా మెట్లు పెట్టి, ఆరుబయట నడిపించి ఎక్కిస్తారు, వాన పడుతున్నా అంతే. ఆ మెట్లు నిటారుగా, తడిగా ఉంటాయి, నాన్న ఒక చేత్తో రెయిలింగ్ ఇంకో చేత్తో మందుల సంచీ పట్టుకొని ఎక్కుతుంటే వెనక నిలబడి చూడ్డం నా వల్ల కాలేదు. పెద్ద ఎయిర్‌లైన్ అయినా ఎంబ్రేయర్‌కి చాలాసార్లు బస్సు, మెట్లే, అక్కడ టూ బై టూ అని మురిసిపోకండి. టెర్మినల్ నుంచి నేరుగా విమానంలోకి నడిచే ఏరోబ్రిడ్జి గ్యారెంటీ ఎక్కడా లేదు గానీ పెద్ద టెర్మినల్ నుంచి వెళ్లే ఏ320, ఏ321 అయితే దొరికే అవకాశం ఎక్కువ.

అందుకని వీల్‌చెయిర్ అసిస్టెన్స్ అడగండి. మనవాళ్లు మొహమాటపడతారు, "మేమేమన్నా మంచాన పడ్డామా" అంటారు, ఆ మాట వినకండి. యూరప్‌లో 2006 నాటి చట్టం ప్రకారం ఇది పూర్తిగా ఫ్రీ, లోకాస్ట్ అయినా సరే, కనీసం 48 గంటల ముందు చెప్పాలి. ఒకే కిటుకు, అడిగేటప్పుడు మూడు రకాలుంటాయి. డబ్ల్యూసీహెచ్ఆర్ అంటే ఎక్కువ దూరం నడవలేరు గానీ మెట్లు ఎక్కగలరు అని. డబ్ల్యూసీహెచ్ఎస్ అంటే మెట్లు కూడా ఎక్కలేరు, విమానం లోపల నడవగలరు. డబ్ల్యూసీహెచ్‌సీ అంటే అసలు నడవలేరు. చాలామంది మొదటిది పెట్టేస్తారు, తీరా విమానం దగ్గరికి వీల్‌చెయిర్‌లో తీసుకెళ్లి మెట్ల కింద దింపి వెళ్లిపోతారు. మోకాళ్ల నొప్పులుంటే రెండోది పెట్టండి, అప్పుడు అంబులిఫ్ట్ అనే బండి వచ్చి మనిషిని విమానం తలుపు దాకా పైకి లేపుతుంది. మా నాన్న మొదటిసారి దాంట్లో పైకి లేస్తూ కింద ఉన్న నాకు చెయ్యి ఊపాడు, పెళ్లి ఊరేగింపు కారులో కూర్చున్నంత దర్జాగా.

సీటు మాత్రం నడవా వైపే కొనండి, టాయిలెట్‌కి లేవాలి కదా. ఎమర్జెన్సీ తలుపు పక్కనుండే ఎగ్జిట్ వరస వాళ్లకి ఇవ్వరు.

చిన్నపిల్లలతో అయితే?

కలిసి కూర్చోబెడతారా లేదా అనే టెన్షన్ వదిలెయ్యండి. రయాన్‌ఎయిర్‌లో పన్నెండేళ్ల లోపు పిల్లలుంటే పెద్దవాళ్లలో ఒకరు సీటు కొనడం తప్పనిసరి, పిల్లలకి పక్కన సీట్లు ఫ్రీ. రెండో పెద్దమనిషి మాత్రం ఎక్కడో 28వ వరసలో పడొచ్చు, ఇద్దరికీ విడివిడిగా గంటన్నర రెస్ట్, ఒకరికి ఎక్కువ రెస్ట్. స్ట్రోలర్ దాదాపు అందరూ ఫ్రీగా గేటు దాకా తీసుకెళ్లనిస్తారు. రెండేళ్ల లోపు బిడ్డ ఒళ్లో కూర్చున్నా లోకాస్ట్‌లో సుమారు 25 యూరోల చొప్పున ఒక్కోవైపుకీ కట్టాలి, ఆ లెక్కన పెద్ద ఎయిర్‌లైన్ ఒక్కోసారి చవక పడుతుంది. దిగేటప్పుడు చెవులు నొప్పి పెడతాయి, పాల సీసానో చప్పరించే చాక్లెట్టో అప్పటికి దాచండి.

పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు లేదు, బుకింగ్‌లో ఏం రాయాలి? ఇండియన్ పాస్‌పోర్ట్‌కి ఇంకేమన్నా ఉందా?

పాస్‌పోర్ట్‌లో ఎలా ఉంటే అలా, అక్షరం అటూ ఇటూ వద్దు. మనకి ఇంటిపేరు ముందొస్తుంది, ఫారంలో చివరొస్తుంది, తిరగేసి రాసేస్తుంటాం, జాగ్రత్త. ఇంటిపేరు ఖాళీగా ఉన్నవాళ్లు ఆ ఎయిర్‌లైన్ ఏం రాయమంటుందో హెల్ప్ పేజీలో చూడండి, ఒక్కొక్కళ్లది ఒక్కో పద్ధతి.

షెంగెన్ లోపల, అంటే ఒకరి మధ్య ఒకరు సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాల్లో, పాస్‌పోర్ట్ కంట్రోల్ ఉండదు, అయినా ఒరిజినల్ పాస్‌పోర్టూ రెసిడెన్స్ కార్డూ జేబులో ఉండాల్సిందే. లండన్, డబ్లిన్, సైప్రస్ షెంగెన్‌లో లేవు, లండన్‌కీ డబ్లిన్‌కీ వీసా వేరే. రొమేనియా, బల్గేరియాకి 2024 మార్చి 31 నుంచి విమానాల్లో షెంగెన్ రూల్సే. రయాన్‌ఎయిర్‌లో యూరప్ పాస్‌పోర్ట్ లేనివాళ్లు సెక్యూరిటీకి ముందే డాక్యుమెంట్ చెక్ కౌంటర్ దగ్గర చూపించుకోవాలని ఉంటుంది, యాప్‌లో వచ్చే మెసేజ్ చదవండి. ఆన్‌లైన్ చెక్‌ఇన్ మర్చిపోతే ఎయిర్‌పోర్ట్‌లో చేయించుకోవడానికి 55 యూరోలు, ఇది నిద్రపోయినా గుర్తుండాలి.

లేట్ అయితే డబ్బులు వస్తాయంట కదా?

వస్తాయి, ఇది నిజం. 261 నంబరు యూరప్ రూలు, 2004 నాటిది. మూడు గంటలు అంతకన్నా ఎక్కువ లేటుగా చేరితే, 1500 కిలోమీటర్ల లోపు దూరానికి 250 యూరోలు, అంతకన్నా ఎక్కువ దూరమైతే యూరప్ లోపల 400. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బార్సిలోనా 250 కిందకి వస్తుంది, ఏథెన్స్ 400 కిందకి. టికెట్ 20 యూరోలకే కొన్నా అంతే, మనిషికి అంత. వాతావరణం బాలేకపోయినా, ఆకాశంలో విమానాలకి దారి చెప్పే ఏటీసీ వాళ్ల సమ్మె అయినా రావు. విమానం రిపేరు వచ్చిందంటే మాత్రం మామూలుగా రావాలి, ఎయిర్‌లైన్ సొంత స్టాఫ్ సమ్మె చేసినా రావాలని కోర్టు తీర్పులున్నాయి. డబ్బుల సంగతి ఎలా ఉన్నా, చిన్న ఫ్లైట్ రెండు గంటలు లేటైతే తిండీ నీళ్లూ ఇవ్వాల్సిందే, కూపన్ అడిగి తీసుకోండి.

ఎయిర్‌లైన్ సైట్లోనే క్లెయిమ్ పెట్టండి, మధ్యలో కమిషన్ కంపెనీలకి ఇస్తే పాతిక శాతం పైనే పట్టుకుంటారు. నేను ఒకసారి పెట్టా, మొదట "క్షమించాలి, అసాధారణ పరిస్థితి" అని ఒక లైన్ రిప్లై వచ్చింది. ఏంటా పరిస్థితి అని మళ్లీ అడిగితే మూడు వారాలకి డబ్బులు పడ్డాయి.

లేట్ అవ్వకుండా ఉండాలంటే పొద్దున ఫ్లైట్లే మేలు, అదే విమానం రోజంతా నాలుగైదు ఊళ్లు తిరుగుతుంది, మధ్యాహ్నం ఎక్కడో అరగంట పోతే రాత్రి ఫ్లైట్‌కి గంటన్నర అవుతుంది. మరీ మొదటి ఫ్లైట్ అక్కర్లేదు, తొమ్మిది పది మధ్యది చాలు.

రెండు చవక టికెట్లు విడివిడిగా కొని మధ్యలో మారితే?

వద్దు. మొదటిది లేటైతే రెండోవాళ్లకి సంబంధం లేదు. తప్పదంటే మధ్యలో ఒక రాత్రి ఉండేలా చూసుకోండి.

నేను ఆరడుగుల మూడు, కాళ్లు పట్టవు.

మీకోసమే సీట్ పిచ్ లెక్కలన్నీ. ఎగ్జిట్ వరస కొనేయండి, 15, 20 యూరోలు అటూ ఇటూగా ఉంటుంది, బ్యాగ్ మాత్రం కాళ్ల దగ్గర పెట్టనివ్వరు, పైనే. మొదటి వరసలో కొన్ని విమానాల్లో ఎదురుగా గోడ ఉంటుంది, కాళ్లు చాచలేరు, సీటు బొమ్మ చూసి కొనండి.

ఇంతకన్నా ట్రైన్ నయం కదా?

చాలాచోట్ల నయమే! ప్యారిస్ నుంచి లండన్ యూరోస్టార్‌లో రెండుంపావు గంట చిల్లర, మాడ్రిడ్ నుంచి బార్సిలోనా రెండున్నర గంటలు, కాళ్లు చాపుకోవచ్చు, ఆవకాయ కూడా తీసుకెళ్లొచ్చు. ఫ్రాన్స్‌లో అయితే ట్రైన్‌లో రెండున్నర గంటల్లోపు చేరగలిగే కొన్ని రూట్లలో, ఓర్లీ నుంచి లియోన్, బోర్డో, నాంత్ లాంటివి, 2023లో ఫ్లైట్లే ఆపేశారు. నాలుగు గంటల్లోపు ట్రైనుంటే నేను ఫ్లైట్ వైపు చూడను. జర్మనీ ట్రైన్ల లేటు గురించి మాత్రం ఇక్కడ మొదలుపెడితే ఈ పేజీ సరిపోదు.

చివరిగా, విండో సీట్ కొంటే విండో ఉంటుందా?

రయాన్‌ఎయిర్ 737లో 11ఏ తప్ప ఎక్కడైనా కొనుక్కోండి. అక్కడ గోడలోంచి ఏసీ గొట్టం వెళ్తుంది, కిటికీ ఉండదు. మా తమ్ముడు ఆల్ప్స్ కొండలు వీడియో తీద్దామని అదే కొన్నాడు. గంటా నలభై నిమిషాలు తెల్లటి ప్లాస్టిక్ చూశాడు, ముందు సీటు కిటికీలోంచి మెడ వంచి ఒక రెక్క ముక్క తీసుకొచ్చాడు, అదే స్టేటస్ పెట్టాడు.